ఊరి పేరే ఇంటిపేరైతే: మూలగ్రామాన్ని గుర్తించడం, ఆ ఇంటిపేరు గల ప్రముఖుల జాబితా తయారుచేయడం ఎలా?

"మా ఇంటిపేరు గుంటూరు. మరి మా వాళ్లెవరూ గుంటూరులో లేరేమిటి?" "మాది బెజవాడ వారి ఇల్లు. బెజవాడ గోపాలరెడ్డిగారు మాకు బంధువులవుతారా?" గుంటూరు, విజయవాడ పాఠకుల నుంచి ఇటువంటి ప్రశ్నలు పదే పదే వస్తున్నాయి. ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరును పట్టుకొని మూలగ్రామం దాకా వెళ్లడానికి, ఆ ఇంటిపేరు గల ప్రముఖుల జాబితాను తప్పులు లేకుండా రాయడానికి అనుసరించవలసిన క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

1. ముందుగా గ్రహించవలసిన విషయం

ఊళ్లో ఉన్నవారిని ఆ ఊరి పేరుతో ఎవరూ పిలవరు. దుగ్గిరాలలో అందరూ దుగ్గిరాలవారే కనుక అక్కడ ఆ పేరు పెట్టి ఒకరిని గుర్తుపట్టడం సాధ్యం కాదు. ఆ కుటుంబం మరో ఊరికి తరలివెళ్లి స్థిరపడినప్పుడు, కొత్త ఊరివారు "దుగ్గిరాల నుంచి వచ్చినవారు" అని గుర్తుపెట్టుకున్న మాటే క్రమంగా ఇంటిపేరైంది.

కాబట్టి ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరు మీ పూర్వులు వదిలి వచ్చిన చోటును చెబుతుంది, వారు ఆ తరువాత స్థిరపడిన చోటును కాదు. గుంటూరు శేషేంద్ర శర్మ 1927లో నెల్లూరు జిల్లాలో జన్మించారు. ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన బెజవాడ గోపాలరెడ్డి 1907లో నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెంలో పుట్టారు. 2016లో మెగసెసే పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్ జన్మస్థలం కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ప్రాంతం. ముగ్గురి ఇంటిపేర్లూ గుంటూరు, బెజవాడ ఊళ్లవే అయినా ముగ్గురూ పుట్టింది ఇతర చోట్లనే.

ఇందులో మరొక మేలు ఉంది. "విజయవాడ" అనే ఇంటిపేరు మనకు సాధారణంగా వినిపించదు, వినిపించేది "బెజవాడ". ఊరి పేరు మారినా, ఊరు వదిలిన నాటి పాత పేరును ఇంటిపేరు అలాగే నిలుపుకుంటుంది. అందువల్ల వెతికేటప్పుడు నేటి పటంలోని పేరుతో పాటు ఆ ఊరి పాత పేర్లను కూడా దగ్గర ఉంచుకోవాలి.

2. సిద్ధం చేసుకోవలసినవి

- ఇంట్లో దొరికిన అతి పాత దస్తావేజు, లేదా దాని నకలు
- తాతల నాటి శుభలేఖలు, బడి టీసీలు, ఎస్‌ఎస్‌ఎల్‌సీ పుస్తకాలు
- గోత్రం, ఇలవేల్పు, పుట్టువెంట్రుకలు తీయించే క్షేత్రం పేర్లు
- పాత తాలూకాలు, నేటి మండలాలు రెండూ తెలిపే పటాలు
- ఒక నోటు పుస్తకం: ఎడమ పేజీలో విన్నది, కుడి పేజీలో కాగితం మీద చూసినది

చివరి అంశాన్ని తేలికగా తీసుకోవద్దు. విన్నదీ చూసినదీ ఒకే పేజీలో కలిసిపోతే, ఆరు నెలల తరువాత ఏది ఏదో మీకే తెలియదు.

3. ఇంటిపేరును తెలుగు లిపిలో స్థిరపరచడం

పాస్‌పోర్టులోనో పాన్ కార్డులోనో ఉన్న ఇంగ్లీషు అక్షరాలతో వెతుకులాట మొదలుపెడితే మొదటి అడుగే తప్పుతుంది. ఆ లిపిలో ట–త, డ–ద, ల–ళ భేదాలు, హ్రస్వదీర్ఘాలు నిలబడవు.

"బందరు", "బండారు" ఇందుకు మంచి ఉదాహరణ. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే అక్షరాలు. మొదటిది మచిలీపట్నానికి వాడుకలో ఉన్న పేరు. రెండవది ఖజానాకు సంబంధించిన మాట. బండారు దత్తాత్రేయగారి పేరును బందరు ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేర్ల కింద చేర్చితే అది తప్పవుతుంది.

తెలుగులో రాసిన కనీసం రెండు పాత కాగితాలలో ఇంటిపేరు ఎలా ఉందో చూసి, ఆ రూపాన్నే స్థిరపరచుకోండి. రెండింటిలో తేడా ఉంటే రెండు రూపాలనూ ఉంచి, ఏది పాతదో పక్కన రాయండి.

4. ఇంటిపేరు నుంచి ఊరి పేరును రాబట్టడం

ఇంటిపేరు సాధారణంగా షష్ఠీ అర్థంలో ఉంటుంది: "కందుకూరి వీరేశలింగం" అంటే "కందుకూరుకు చెందిన" అని. ఊరి పేరు చివర ఉన్న అక్షరాన్ని బట్టి ఆ మార్పు జరుగుతుంది కనుక, వెనుకకు నడిచి అసలు పేరును పట్టుకోవచ్చు. మన ప్రాంతంలో తరచు కనిపించే మార్పులు ఇవి:

- ఊరు → ఊరి: కందుకూరు – కందుకూరి, టంగుటూరు – టంగుటూరి, వేమూరు – వేమూరి
- పాడు → పాటి: ప్రత్తిపాడు – ప్రత్తిపాటి, గార్లపాడు – గార్లపాటి
- వీడు → వీటి: కొండవీడు – కొండవీటి
- మర్రు, వర్రు → మర్తి, వర్తి: పామర్రు – పామర్తి, నిడమర్రు – నిడమర్తి, పులివర్రు – పులివర్తి
- గల్లు → గంటి: ఓరుగల్లు – ఓరుగంటి, ఈడుపుగల్లు – ఈడుపుగంటి
- ఏరు → ఏటి: గుడ్లవల్లేరు – గుడ్లవల్లేటి
- సున్నతో ముగిసేవి → పు: మైలవరం – మైలవరపు, భీమవరం – భీమవరపు
- మార్పు లేనివి: దుగ్గిరాల, నాదెండ్ల, మాచర్ల, ఘంటసాల, బెజవాడ, సర్వేపల్లి

ఈ సూత్రాలు ఎక్కువమందికి తెలియకపోవడం వల్లనే "ఓరుగంటి అనే ఊరు ఎక్కడా లేదు, కనుక ఇది ఊరి పేరు కాదు" అన్న తప్పు నిర్ణయాలు వస్తున్నాయి. ఓరుగల్లు కాకతీయుల రాజధాని, నేటి వరంగల్లు. నగరం పేరు ఇంటిపేరులో ఇంత చక్కగా ఒదిగి ఉన్నా, "గల్లు" "గంటి"గా మారుతుందని తెలియనివారికి అది కనిపించదు.

అయితే ఈ మార్పు అన్ని ఇళ్లలోనూ ఒకే విధంగా జరగలేదు. "గుంటూరు" అని రాసుకునేవారూ, "గుంటూరి" అని రాసుకునేవారూ ఉన్నారు. "పల్లె" అని ముగిసే ఊరు ఇంటిపేరులో "పల్లి"గా మారడమూ సాధారణమే. కనుక సూత్రం చూపిన రూపాన్ని వెతకవలసిన పేరుగా మాత్రమే తీసుకోండి. దాన్నే రుజువుగా భావించవద్దు.

5. ఊరి పేరులా కనిపించేవాటిని వేరుచేయడం

"కాశీనాథుని" అనే ఇంటిపేరులో కాశీ ఉన్నంత మాత్రాన ఆ కుటుంబం కాశీ నుంచి వచ్చిందని అర్థం కాదు. "కాశీనాథుడు" అనే పేరుకు "ని" చేరి "కాశీనాథుని" అయింది. అంటే అది మనిషి పేరు, లేదా దేవుడి పేరు. "డు" అంతమైన పేరుకు "ని" చేరిందంటే దాని వెనుక వ్యక్తి ఉన్నట్టు.

"నేని"తో ముగిసేవాటిలో ఉన్నది "నాయని", అంటే నాయకుడు అనే అర్థం. అవి పూర్వుల పేర్ల మీద నిలిచినవి. శెట్టి, రాజు వంటివాటితో ముగిసేవి కూడా ఎక్కువగా ఈ కోవకే చెందుతాయి.

6. ఒకే పేరు గల ఊళ్లన్నింటినీ రాసుకోవడం

ఇంటిపేరులోని ఊరు పక్క మండలంలోనే కనిపించగానే ఆగిపోవడం అన్నింటికంటే సాధారణమైన పొరపాటు. నిడమర్రు మంగళగిరి పక్కన ఉంది. పాత పశ్చిమ గోదావరి జిల్లాలోనూ ఉంది. ప్రత్తిపాడు గుంటూరు జిల్లాలో ఒకటి, కాకినాడ వైపు ఒకటి. శ్రీకాకుళం అనగానే ఉత్తరాంధ్ర నగరం గుర్తుకు వస్తుంది గాని, కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలోనూ శ్రీకాకుళం ఉంది.

మా ఇంటి విషయంలో నేను చేసిన తప్పు కూడా ఇదే. దగ్గరలో ఉన్న ఊరే మాదని నమ్మి, రెండు వేసవులపాటు అక్కడి పెద్దల చుట్టూ తిరిగాను. మా దాయాదులు పుట్టువెంట్రుకలు తీయించే గుడి కృష్ణకు ఆవలి ఒడ్డున ఉందన్న సంగతి మా మేనత్త చెప్పేదాకా, అదే పేరుతో అటువైపు మరో ఊరు ఉందేమోనన్న ఆలోచనే రాలేదు. ఆ రెండు వేసవులలో నేను కలవవలసిన పెద్దలలో ఒకరు ఆ తరువాత దక్కలేదు. అందుకే ఈ అడుగును పెద్దలను అడగడం కంటే ముందు పెడుతున్నాను.

జనగణన శాఖ జిల్లాలవారీగా ప్రచురించే గ్రామాల జాబితాలు ఇందుకు ఉపయోగపడతాయి. ఒక్కొక్క ఊరికి నేటి జిల్లా, పాత తాలూకా రెండూ రాయండి. మన ప్రాంతంలో సరిహద్దులు చాలాసార్లు మారాయి: 1859 నుంచి 1904 వరకు గుంటూరు ప్రాంతం కృష్ణా జిల్లాలో కలిసి ఉంది; 1925లో పశ్చిమ గోదావరి, 1970లో ప్రకాశం జిల్లాలు ఏర్పడ్డాయి; 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి; 2022లో ఎన్టీఆర్, పల్నాడు, బాపట్ల జిల్లాలు విడివడ్డాయి. 1880ల నాటి దస్తావేజులో "కృష్ణా జిల్లా" అని ఉంటే అది నది ఏ ఒడ్డునైనా కావచ్చు.

7. ఇంటి పెద్దలను అడగడం

"మనం ఏ ఊరి నుంచి వచ్చాం?" అని నేరుగా అడిగితే, ఇంటిపేరులో ఉన్న ఊరినే పెద్దలు తిరిగి చెబుతారు. దానివల్ల కొత్తగా తెలిసేది ఏమీ లేదు. ఆచారం మీద, ఆస్తి మీద అడగండి. జవాబులు వాటంతట అవే వస్తాయి.

- ఏ ఊరివాళ్లు పోతే మనకు మైల వస్తుంది?
- పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయిస్తాం? మొదటి పొంగలి ఏ అమ్మవారికి పెడతాం?
- తాతయ్య నాటికి ఏ ఊళ్లో పొలం ఉండేది? ఎవరికి అమ్మారు?
- మన ఇంటిపేరే ఉన్నా మనం పిల్లనిచ్చి పుచ్చుకునే కుటుంబాలు ఉన్నాయా?
- మన ఇంట్లో దత్తత వచ్చినవారు గాని, ఇల్లరికం వచ్చినవారు గాని ఉన్నారా?

వీటిలో మైల గురించిన ప్రశ్న నా అనుభవంలో అన్నింటికంటే విలువైనది. ఊరు మారినా, పలకరింపులు తగ్గినా, మైల పట్టే దాయాదుల ఊళ్ల పేర్లను పెద్దలు మరచిపోరు. తండ్రి తోబుట్టువులలో ఆడపడుచులను తప్పక కలవండి. పెళ్లయి వెళ్లిన మేనత్తలకు పుట్టింటి సంగతులు పుట్టింట్లో మిగిలినవారికంటే బాగా గుర్తుంటాయి.

దత్తత గురించి అడగడానికి సంకోచించవద్దు. శ్రీశ్రీ పుట్టిన ఇంటిపేరు పూడిపెద్ది. దత్తత వెళ్లడం వల్ల శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యారు. ఈ ఒక్క విషయం తెలియకపోతే ఆయన వంశవృక్షం మొదటి కొమ్మ దగ్గరే దారి తప్పుతుంది.

8. కాగితాలను చూసే వరుస

కొత్తవాటి నుంచి పాతవాటికి వెళ్లాలి. ఈ వరుస తప్పితే, వంద సంవత్సరాల నాటి కాగితంలో కనిపించిన పేరు మీ వారిదేనా కాదా అని తేల్చుకునే ఆధారం ఉండదు.

మొదట ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్ (సాగు లెక్క), 1-బి (హక్కుల రికార్డు) చూడండి. తరువాత సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించి, అందులో కనిపించిన పాత దస్తావేజుకు నకలు కోరండి. దస్తావేజు మొదటి వాక్యాలలోనే "ఫలానా తాలూకా, ఫలానా గ్రామ కాపురస్తులు" అని తండ్రి పేరుతో సహా ఉంటుంది కనుక, ఒక్కొక్క దస్తావేజు ఒక తరం వెనుకకు తీసుకువెళుతుంది.

ఇనాం భూములు (పాలకులు పన్ను లేకుండా గాని తక్కువ పన్నుతో గాని ఇచ్చినవి) ఉండిన కుటుంబాలవారు 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరును తప్పక చూడాలి. ఇనాందారు పేరు, అనుభవదారుల వివరాలు గ్రామాలవారీగా అందులో ఉంటాయి. భూమి లేని కుటుంబాలవారు నిరాశపడనక్కరలేదు. పురపాలక సంఘాల జనన మరణ రిజిస్టర్లు, బడి అడ్మిషన్ రిజిస్టర్లు, చర్చి బాప్తిస్మ రిజిస్టర్లు ఆ లోటును చాలావరకు పూరిస్తాయి.

గ్రామ కైఫియత్తులను కూడా చూడవచ్చు. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన ఈ గ్రామ వృత్తాంతాలలో గుంటూరు ప్రాంతపువి అచ్చయ్యాయి. ఊరి పాత పేర్లు, కరణాల (ఊరి భూమి లెక్కలు రాసేవారి) వివరాలు వాటిలో దొరకుతాయి. అచ్చు ప్రతులు, పాత పత్రికల కోసం వేటపాలెం సారస్వత నికేతనం, విజయవాడ రామమోహన గ్రంథాలయం వంటి పాత గ్రంథాలయాలలో విచారించండి. కరణీకం వంశపారంపర్యంగా సాగిన పద్ధతి 1984లో రద్దయింది కనుక, ఊళ్లో పాత కరణంగారి కుటుంబాన్ని గౌరవంగా కలిసి, లెక్కలు తెలిసినవారు ఉన్నారేమో అడగడమూ మంచిదే.

9. ఆ ఇంటిపేరు గల ప్రముఖుల జాబితా రాయడం

ఈ పని పై వెతుకులాటకు కొనసాగింపు కాదు. దీనికి వేరే నియమాలు ఉన్నాయి. ఇక్కడ మీరు చెప్పేది "ఈ ఇంటిపేరు గలవారు వీరు" అని మాత్రమే. "వీరు మా వారు" అని చెప్పడానికి ఈ జాబితా చాలదు.

ఎందుకంటే ఒక ఊరి నుంచి అన్ని కులాలవారూ, వేరు వేరు కాలాలలో, వేరు వేరు దిక్కులకు వెళ్లారు. వెళ్లిన ప్రతి కుటుంబానికీ ఆ ఊరి పేరే నిలిచి ఉండవచ్చు. బెజవాడ గోపాలరెడ్డి, బెజవాడ విల్సన్ అన్న రెండు పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తేనే ఇది స్పష్టమవుతుంది. ఇంటిపేరు ఊరిని చెబుతుంది, చుట్టరికాన్ని చెప్పదు.

ప్రతి వ్యక్తికీ నాలుగు గడులు గీయండి: ఇంటిపేరులోని ఊరు, జన్మస్థలం, పుట్టిన సంవత్సరం, ఇంటిపేరు వచ్చిన విధం. కొన్ని నమూనాలు:

- దుగ్గిరాల గోపాలకృష్ణయ్య: దుగ్గిరాల తెనాలి దగ్గర ఉంది, జననం నాటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలు, 1889
- ఉన్నవ లక్ష్మీనారాయణ: ఉన్నవ నేటి పల్నాడు జిల్లాలో ఉంది, జననం సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడు, 1877
- ఘంటసాల వెంకటేశ్వరరావు: ఘంటసాల కృష్ణా జిల్లాలో ఉంది, జననం గుడివాడ దగ్గర చౌటపల్లి, 1922
- టంగుటూరి ప్రకాశం: టంగుటూరు ప్రకాశం జిల్లాలో ఉంది, జననం ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెం, 1872
- సర్వేపల్లి రాధాకృష్ణన్: సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది, జననం తిరుత్తణి, 1888

రెండవ గడిని నింపేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మన ఇళ్లలో తొలి కాన్పు తల్లి పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. గురజాడ అప్పారావు 1862లో జన్మించిన రాయవరం ఆయన మేనమామ గారి ఊరు. గురజాడ అనే ఊరు మాత్రం కృష్ణా జిల్లాలో ఉంది. జన్మస్థలాన్ని తండ్రివైపు ఊరిగా పొరబడితే కుటుంబం నడిచిన దారి మొత్తం తారుమారవుతుంది.

నాలుగవ గడి ఎందుకో చెప్పడానికి మూడు పేర్లు చాలు. పామర్రులో 1918లో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మకు ఆ ఇంటిపేరు వివాహంతో వచ్చింది. చిత్తూరు నాగయ్య 1904లో రేపల్లెలో జన్మించారు. ఆయన ఇంటిపేరు ఉప్పలదడియం, "చిత్తూరు" పేరు ముందు చేరిన ఊరు మాత్రమే. తెనాలి రామకృష్ణుని అసలు ఇంటిపేరు గార్లపాటి అని ప్రసిద్ధి. అంటే ఒక ఊరి పేరు మీద మరొక ఊరి పేరు వచ్చి నిలిచింది. ముగ్గురి పేర్లూ పైకి ఒకే తీరుగా కనిపిస్తాయి, కాని మూడూ మూడు రకాలు.

జీవించి ఉన్నవారిని చేర్చేటప్పుడు పత్రికలలో, ప్రభుత్వ ప్రచురణలలో వచ్చిన వివరాలకే పరిమితం కావాలి. వారి కులం, గోత్రం మీ ఊహతో రాయవద్దు.

10. తరచు జరిగే పొరపాట్లు, సవరణలు

*రాజధానిని పట్టుకొని రాజవంశాన్ని కలుపుకోవడం.* కొండవీటి అన్న ఇంటిపేరు ఉన్నంత మాత్రాన కొండవీటి రెడ్డి రాజులతో సంబంధం ఉన్నట్టు కాదు. కోట కింద ఊళ్లో వేలమంది ఉండేవారు. మధ్య తరాల కాగితాలు ఉంటే తప్ప ఆ వాక్యాన్ని తొలగించండి.

*దగ్గరి శబ్దాలను కలిపివేయడం.* గురజాడ వేరు, పల్నాటి గురజాల వేరు. అచ్చు తప్పు అనుకొని "సవరించే" ముందు రెండు ఊళ్లనూ పటంలో చూడండి.

*ఒక్క మాటనే రెండు సాక్ష్యాలుగా లెక్కించడం.* బాబాయిగారు చెప్పినదీ, ఆయన దగ్గర విన్న పెద్దన్నయ్య చెప్పినదీ కలిపి ఒకటే సాక్ష్యం. ఎవరి దగ్గర విన్నారో ఇద్దరినీ అడిగి రాసుకోండి.

*మూలగ్రామంలో బంధువులు లేరని ఊరిని కొట్టివేయడం.* కరువుకో పనికో కుటుంబమంతా ఒకేసారి తరలివెళ్లి ఉండవచ్చు. 1832–33 నాటి డొక్కల కరువు గుంటూరు ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేసింది. అటువంటప్పుడు మనుషుల కోసం కాక, గుడి శాసనాలలో, పొలాల పేర్లలో, చెరువు పేర్లలో మీ ఇంటి ఆనవాళ్ల కోసం చూడండి.

11. పూర్తిచేసే ముందు సరిచూసుకోవలసినవి

- ఇంటిపేరు తెలుగు రూపం రెండు పాత కాగితాలలో కనిపించిందా?
- అదే పేరు గల ఇతర ఊళ్లను ఎందుకు పక్కన పెట్టారో ఒక్కొక్క వాక్యం రాశారా?
- ఆచారం, కాగితం ఈ రెండూ ఒకే ఊరిని చూపుతున్నాయా?
- ప్రముఖుల జాబితాలో "మా బంధువు" అన్న మాట కాగితం లేకుండా ఎక్కడైనా మిగిలిందా?

రెండు ఊళ్ల మధ్య తేలకపోతే రెండింటినీ రాసి, దేనికి ఏ ఆధారం ఉందో పక్కనే చూపండి. ఒకదాన్ని బలవంతంగా ఎంచుకోవద్దు. రాసినదంతా ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించి, వారు సవరించిన చోట తేదీ వేసి, ఒక ప్రతిని మైల పట్టే దాయాదులలో ఒక ఇంటికైనా పంపండి. మీ దగ్గర లేని శుభలేఖో దస్తావేజో వారి పెట్టెలో ఉండే అవకాశం చాలా ఎక్కువ.